చింతపండు నీళ్లలో నాలుగు పలకలు

కొండాపూర్‌లో మౌత్ ఆర్గాన్ మూగబోతే బాలనర్సయ్య దగ్గరికే పోవాలి. ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పాతవి మోజుపడి కొనుక్కున్న ఐటీ పిల్లలు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఆయన పై డబ్బా విప్పి, మధ్య చెక్కకు పైనొకటి కిందొకటి బిగించిన ఇత్తడి పలకలు ఊడదీస్తాడు. వాటి మీద వరసగా సన్నని నాలుకలుంటాయి. ఊపిరి తగిలితే పలికేవి అవే. కొసన ఆకురాయితో గీస్తే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. ఇంత తెలిసిన మనిషికి కాస్త గొప్ప ఉండదా? తను రోజూ ఊదే మౌత్ ఆర్గాన్ చూపించి, "నాదాన్ని కండ్లు మూసుకోని గుర్తుపడ్త" అనేవాడు.

ఐటీలో పనిచేసే జయంతి మాత్రం తన తండ్రిది తెచ్చింది. ఆయన పోయి ఏడాదైంది. రెండు స్వరాలు పలకడం లేదు. చూస్తే బాలనర్సయ్య దగ్గరున్నదీ అదే కంపెనీ, అదే రకం. పోల్చుకోవడానికి బాగుంటుందని తనదీ విప్పి, పలకల్ని రెండు పళ్లాల్లో పెట్టి పాలపాకెట్లకు వెళ్లాడు.

వచ్చేసరికి నాలుగు పలకలూ ఒకే గిన్నెలో, చింతపండు నీళ్లలో ఉన్నాయి.

"ఇత్తడే కదా, నల్లగైనయని నానబెట్టిన" అంది భార్య కనకలక్ష్మి. పాపం, మేలు చేశాననే అనుకుంది.

ఇన్నాళ్లూ మరకలే ఆనవాళ్లు. అవి పోయాయి. పలకని స్వరాలతోనైనా పోల్చుకుందామంటే, ఆ చింతపండు పుణ్యమా అని అవీ పలికాయి! డబ్బాలు ఎవరివో తెలుసు. గొంతులే తెలియడం లేదు. నాలుగు రకాలుగా మార్చి బిగించి ఊదాడు. ఇది నాదే అనిపించేది, మరుక్షణం కాదనిపించేది. ముప్పయ్యేళ్లు పెదవులకు ఆనించుకున్నదాన్ని పోల్చుకోలేకపోయాడు.

చెప్పకపోతే ఆ పిల్లకు తెలియదు. ఒకవేళ ఊదగానే తెలిసిపోతే? కన్నకూతురాయె! రెండు రోజులు ఇదే ఊగిసలాట.

శనివారం జయంతి రాగానే జరిగిందంతా చెప్పేశాడు. రెండూ ఆమె ముందు పెట్టి, "నీకైతే ఎరుకైతది బిడ్డా, ఊది చూడు" అన్నాడు.

ఆమె ఒకటి ఊదింది. రెండోది ఊదింది. మళ్లీ మొదటిది ఊదింది.

"తెలియట్లేదండి."

"జర నిమ్మలంగ ఊదు. మీ నాయన వాయించేది యాది చేస్కో."

"ఏం గుర్తు చేసుకోనండి?" ఆమె రెండింటినీ కింద పెట్టేసింది. "నాన్నగారు రోజూ వాయించేవారు. కాల్‌లో ఉన్నానని నేను తలుపేసుకునేదాన్ని. ఒక్కరోజైనా కూర్చుని వినలేదండి."

బాలనర్సయ్య మాత్రం తనదాన్ని ఎన్నడైనా విన్నాడా, ఊదడం తప్ప? రెండింటినీ ఒక పాత రుమాల్లో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"అయ్యో, ఒకటి మీది కదండీ!"

"ఏది నాదో ఎరుకైనప్పుడు అడుగుత తియ్యి. రెండూ తీస్కపో. ఒక్కటే ఇస్తే మీ నాయన ఈడనే ఉండిపోతడేమో."