ఆమెన్ కోసం వదిలిన ఖాళీ

కుప్పంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అన్నిటికంటే కష్టమైన రోజు ఆదివారం. మదనపల్లెలో పెరిగినదాన్ని. తొంభైలలో అక్కడ ఆదివారమంటే పొద్దుటినుంచీ మనుషులే. కుప్పంలో మా చర్చి సంఘంవాళ్లు ఒక్కరూ లేరు. అద్దెగదిలో తలుపు వేసుకుని పాడుకునేదాన్ని, ప్రార్థించుకునేదాన్ని. వంటపాత్రల మధ్య నా గొంతు నాకే పరాయిగా వినబడేది.

కొన్నాళ్లకు ఆ పాట విని వీధి పిల్లలు కొందరు గుమ్మం దగ్గర నిలబడటం మొదలైంది. వాళ్లతో సండేస్కూల్ నడపాలని ఆశపడి పుంగనూరు వెళ్లి అక్కడి మా సంఘం పాస్టరు అయ్యగారిని అడిగాను.

"సంతోషమేనమ్మా. శిక్షణ లేనోళ్లకు పిల్లల్ని అప్పగించేదానికి సంఘం పెద్దలు ఒప్పుకోరు. ఇప్పుడు పాఠాలు నెట్‌లోనే వస్తాండాయంట. క్రిస్మస్‌లోపల ముగించుకోని రా. లేకుంటే ఆ మాట ఇడిసిపెట్టు" అన్నారు.

అలా డ్యూటీ అయ్యాక రోజూ బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు పోవడం అలవాటైంది. దాన్ని నడిపే ఆయనది చౌడేపల్లె. నుదుట విభూది, నోట ఎప్పుడూ ఒక హాస్యం. ఆయన దగ్గర హెడ్‌ఫోన్లు లేవు, కాబట్టి నా పాఠం గదంతా వినాల్సిందే.

ఆ పాఠాలు తయారుచేసినవాళ్లు భక్తిపరులే. అందులో నాకు సందేహం లేదు. కాకపోతే ప్రసంగవేదికను ఉన్నదున్నట్టు కంప్యూటరు పెట్టెలో పెట్టారు. తొంభైతొమ్మిదింటిని వదిలి ఒక్కదాన్ని వెతుక్కుంటూ పోయిన కాపరి కథ, తప్పిపోయిన గొర్రె పాఠమంటే గంటకు పైగా సాగే ఆదివారపు ప్రసంగమే. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి వినాలి. కరెంటు పోయినా అంతే.

"ఈ పొద్దైనా గొర్రె దొరుకుతాదా అమ్మా?" అనేవాడాయన. "కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ తప్పిపోతాండాది. నాకైతే ఆ కాపరి మింద జాలిగా ఉండాది."

పాఠం చివర ప్రశ్నలుండేవి. బైబిల్లో ఏ అధ్యాయం, ఎన్నో వచనం అని. తప్పు చెబితే ఎర్ర గుర్తు పడేది. ఎందుకు తప్పో చెప్పే దిక్కు లేదు, అడగడానికి చోటూ లేదు.

అప్పుడు నాకు మదనపల్లెలో మాకు సండేస్కూల్ చెప్పినావిడ గుర్తొచ్చేది. ఉద్యోగం విరమించిన నర్సు. తలా ఒక వచనం చదివించి, "నీకేం దొరికింది పాపా?" అని అడిగేది. మనం నోరు మెదపకపోతే పక్క పిల్లను అడిగేది కాదు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, మనం నోరు విప్పేదాకా కూర్చునేది.

ఆ నెట్ పాఠాలవాళ్లు ఇంకొక పని చేశారు, అన్నిటికంటే నన్ను బాధపెట్టింది అదే. ప్రసంగం స్పష్టంగా వినబడాలని సంఘం గొంతులన్నీ తీసేశారు. "అందరూ గట్టిగా ఆమెన్ చెప్పండి!" అని ప్రసంగీకుడు అంటాడు. తర్వాత ఖాళీ. దగ్గు లేదు, పసిపిల్ల ఏడుపు లేదు. మొదటిసారి ఆ ఖాళీలోకి అలవాటుగా గట్టిగా "ఆమెన్!" అనేశాను. అందరూ తిరిగి చూశారు.

"యాలమ్మా అరస్తావు? దానికి నోరే గానీ చెవులు లేవు" అన్నాడాయన.

నవ్వాను. ఆ సాయంత్రం గదికి నడుస్తున్నంతసేపూ ఆ ఖాళీ నా వెంటే వచ్చింది.

ఆఖరి పాఠం క్రిస్మస్ దగ్గరపడ్డాక తెరుచుకుంది. మళ్లీ గొర్రె కథే. 'మీ పక్కనున్నవారితో కలిసి చదవండి. వారికేం దొరికిందో రాయండి' అని ఉంది. చర్చిలో ప్రసంగీకుడు పక్కవారితో చెప్పమనే అలవాటు కొద్దీ రాసినట్టున్నారు. వినేవాళ్లకు పక్కన ఎవరూ ఉండకపోవచ్చని వాళ్లకు తోచలేదు. తెరిచిన పాఠం ఆ కూర్చోవడంలోనే ముగించాలి. పుంగనూరు పోయి మా సంఘంవాళ్లను అడిగి రావడానికి వీల్లేదు. కళ్లు మూసుకుని ప్రార్థించుకుని, ఆయన వైపు తిరిగాను.

"అన్నా, కొంచెం నాతో కూర్చుని ఇది చదువుతారా?"

"నేనా? విభూది పెట్టుకునేవాణ్ణి గదమ్మా!"

"చదివేదానికి అదేం అడ్డం కాదన్నా."

కుర్చీ లాక్కుని, వేలు తెర మీద పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "ఏం దొరికిందన్నా?" అని అడిగి, మాట్లాడకుండా కూర్చున్నాను.

"మిగిలిన గొర్రెల కాడ ఎవుర్ని కాపలా పెట్టినాడో సెప్పలేదే" అన్నాడు ముందు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఒక్కటీ శానాసేపు అరిసింటాది గదమ్మా. ఎవురూ పలకలేదని" అన్నాడు.

ఆయన అన్నది అన్నట్టే రాసి బటన్ నొక్కాను. చెయ్యి తీయకముందే 'అభినందనలు' అని వచ్చింది.

"అంత బిరీన సదివేసినారా?"

"ఎవరూ చదవలేదన్నా."

"మరి నేను సెప్పింది?"

"దేవుడు విన్నాడు" అన్నాను. నమ్మే అన్నాను. అయినా ఒక మనిషి కూడా విని ఉంటే బాగుండుననిపించింది.

సర్టిఫికెట్ చూసి పెద్దలు ఒప్పుకున్నారు. మొదటి ఆదివారం నా గదిలో చాప పరిచాను. పిల్లలు తలా ఒక వచనం చదివారు. మూలన కూర్చున్న పిల్లను, "నీకేం దొరికింది పాపా?" అని అడిగాను. ఆ పిల్ల తల దించుకుని చాప అంచు పీకుతూ ఉండిపోయింది.

నేను ఒక వేరుశనక్కాయ తీసుకుని ఒలవసాగాను.