పద్నాలుగో నంబరు

సూరత్‌లో ముప్పై ఏళ్లు మరమగ్గాల మోతలో లూములు నడిపి సాంబయ్యకు చెవులు పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. లూముల దగ్గర చాలామంది అంతేనని కూతురు సంగీత తన నర్సింగ్ థీసిస్‌లో రాసింది. నాన్న చెప్పాడంటే చెల్లదని, అచ్చయిన వ్యాసం ఏదైనా ఆధారంగా చూపించి పక్కన దాని నంబరు వేయమని గైడు ఆ వాక్యం కొట్టేశాడు.

మూడు రోజులు సూరత్ బమ్రోలి పేటలోని తమ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి ఒక వ్యాసం పట్టుకుంది. రాసిన ప్రొఫెసర్ పేరు తండ్రికి చదివింది.

"గా సారా! మా మిల్లుకొచ్చి, చాయ్ తాపి, గిదంత నన్నే అడిగిండు. నా పేరు రాసిండా బిడ్డా?"

వ్యాసమంతా వెతికింది. లేదు. థీసిస్ ఇవ్వాల్సిన గడువు ఇవాళే. తన పెదాలు తండ్రికి కనబడకుండా మొహం తిప్పుకుని, ఆధారాల జాబితాలో పద్నాలుగో నంబరు దగ్గర ఆ సారు పేరే టైపు చేసింది.