తెల్ల బ్యాలెట్ మీద వేలిముద్ర

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, పంచాయతీ ఎన్నికల్లో నాకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా డ్యూటీ పడింది. అప్పుడు తెనాలిలో హైస్కూలు లెక్కల మాస్టారిని. నన్ను వేసిన ఊరు రేపల్లె వైపు, పేరు చెప్పను. ఒక్కో వార్డుకి ఒక్కో పోలింగు కేంద్రం. అందులో జరిగే మంచికీ చెడుకీ జవాబు చెప్పాల్సింది ప్రిసైడింగ్ ఆఫీసరే.

పంచాయతీలో ఓటరుకి రెండు కాగితాలిస్తాం. సర్పంచికి గులాబీది, వార్డు మెంబరుకి తెల్లది. ఇచ్చే ముందు, పుస్తకంలో మా దగ్గర మిగిలే కౌంటర్‌ఫాయిలు మీద సంతకం గానీ, చదువు రానివాళ్ళ చేత వేలిముద్ర గానీ తీసుకుంటాం. వాళ్ళు ఆ సిరా తుడుచుకోవడానికి సామాను సంచిలో ఒక గుడ్డముక్క కూడా ఉంటుంది. ముందురోజు మండలాఫీసులో లక్క, సీళ్ళు, రబ్బరు ముద్ర రెండేసిసార్లు సరిచూసుకున్నాను. గుడ్డ దగ్గర ఒక టిక్కు పెట్టి ఊరుకున్నాను. పొద్దున దాన్ని తీసి బల్ల మీద పెట్టడం నాకు తోచనే లేదు.

నాకిచ్చిన వార్డులో మెంబరుకి నిలబడ్డ ఇద్దరిలో ఒకరు కరుణమ్మ, నాట్లేసే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. వానొస్తే వాళ్ళ వీధిలో మురుగునీళ్ళు ఇళ్ళలోకి వచ్చేస్తాయి. మెంబరైతే కాలవ తవ్వించే దాకా నిద్రపోనని ఇంటింటికీ తిరిగి చెప్పిందట. ఆ వీధిలో పెద్దవాళ్ళు చాలామంది వేలిముద్రవాళ్ళే.

లైనులో అందరికంటే ముందు సువార్తమ్మ అనే ముసలావిడ. కౌంటర్‌ఫాయిలు మీద వేలు ఒత్తి, "తుడుచుకోటానికి గుడ్డ ఏదన్నా ఉందా అయ్యా?" అంది. అసలే నాది తొందర స్వభావం. "వెనక జనం ఆగిపోయారు, ముందు కదులమ్మా!" అని కసిరాను. ఆవిడ తడి వేలితోనే అట్ట తెర చాటుకి వెళ్ళింది. ఆవిడ వెనకే ఇంకొంతమంది అలాగే వెళ్ళారు. గంట గడిచాక మా సిబ్బందిలో ఒక టీచరమ్మ, కాగితాల మీద మరకలు చూసి, "గుడ్డ ఇవ్వట్లేదేంటి సార్?" అంది. సంచి దులిపితే అడుగున ఉంది.

మధ్యాహ్నం దాటాక అక్కడే లెక్కింపు. ఒక తెల్ల కాగితం మీద కరుణమ్మ గుర్తుపై రబ్బరు ముద్ర శుభ్రంగా పడింది. దాని పక్కనే, గీతలన్నీ తెలిసేలా, బొటనవేలి ముద్ర! అవతలి అభ్యర్థి ఏజెంటు వెంటనే అభ్యంతరం చెప్పాడు. అతన్ని తప్పు పట్టలేం. ఓటు ఎవరిదో పోల్చుకోగల గుర్తు కాగితం మీద ఉంటే ఆ ఓటు చెల్లదు, రహస్యం పోతుంది గనక. రిటర్నింగ్ అధికారి నా వైపు తిరిగి, "గుడ్డ ఇవ్వలేదా మాస్టారూ?" అన్నాడు. "మండలాఫీసులో ఇచ్చారండి, నేనే ఆలస్యంగా తీశాను" అన్నాను. బ్యాలెట్ వెనక నా సంతకం లేకపోతే అది అధికారి పొరపాటని ఓటుని నిలబెట్టే వీలుంది. వేలిముద్రకి ఆ వెసులుబాటు లేదు. ఉత్త మరకలున్నవి చెల్లాయి. ఆ ఒక్కటీ చెల్లలేదు.

కరుణమ్మ ఒక్క ఓటుతో ఓడిపోయింది. అది చెల్లి ఉంటే ఇద్దరూ సమానమయ్యేవాళ్ళు, చీటీ తీసేవాళ్ళం. గెలిచేదో లేదో, ఆ అవకాశమైనా దక్కేది. అది పోయింది నా వల్ల.

బయటికొస్తే సువార్తమ్మ మెట్ల దగ్గర కూర్చుని ఉంది. "నా ఓటు చెల్లిందా అయ్యా?" అని అడిగింది. ఎవరిది ఏదో మాకు తెలియదమ్మా అన్నాను. అది నిజమే. అయినా ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

పక్కనే కరుణమ్మ. తిట్టిపోస్తుందనుకున్నాను. "మా ఆడాళ్ళకి వేలు తుడుచుకోటం చెప్పలేదండి. ఈసారి చెప్పి పంపిస్తాలెండి" అంది. నాకు తల తీసేసినట్టయింది. తప్పు వాళ్ళది కాదనీ, ఆ పెద్దావిడ అడిగినా ఇవ్వనిది నేనేననీ నలుగురూ వినేలా అక్కడే చెప్పాను. చెప్పినంత మాత్రాన కాలవ రాలేదు.

ఒక్క ఓటుకి ఏమవుతుందనేవాళ్ళకి ఆ తెల్ల కాగితం సంగతి చెబుతుంటాను. ఎలా వెయ్యాలని అడిగేవాళ్ళకి చెప్పేది ఇంతే: కేంద్రంలో మీకేది కావాలన్నా, ఏది తెలియకపోయినా అధికారిని అడగండి. కసిరితే మళ్ళీ అడగండి. అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మీ ఓటు చెల్లేలా చూడ్డానికే.