మేతకొండకు వెళ్ళే బొమ్మల పుస్తకాలు

బడికి సెలవులిచ్చి మందలు కొండెక్కే వారంలో మా కారా-ఒరుక్ ఊరి ఆడవాళ్ళంతా పిండి, తేయాకు, ఉప్పు మూటలు కడుతుంటారు. నా భార్య కలీపా మాత్రం గ్రంథాలయం తలుపు వేసుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టి, నేల మీద బొమ్మల పుస్తకాలు పరుచుకుని కూర్చుంటుంది. దుప్పట్లు ఎందుకంటే, ఉన్ని గుడారంలో వెలుతురు నడినెత్తిన ఉన్న గుండ్రటి కంతలోంచే పడుతుంది. ఆ మసకలో కనబడని బొమ్మ కొండకు పనికిరాదు. ఈ లోయలో ఆ సంగతి మొదట కనిపెట్టింది ఆమే.

నా పేరు శార్షెన్. నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి దాకా. అయినా నా మందలో ప్రతి గొర్రెకూ జతపిల్లలు పడిన ఏడాది నా ఫొటో జిల్లా కేంద్రంలో గోడకెక్కింది. గుర్రాల మీద మేకకోసం పెనుగులాడే ఆటలో నేను చేసిన పనికి పక్క లోయవాళ్ళు ఇప్పటికీ నా పేరు వింటే మూతి ముడుస్తారు. కొండదారిలో ఉన్న చెక్కవంతెన నా చేతుల మీదుగా లేచిందే. ఇన్ని చేసినవాడు చెబుతున్నాడు గనక నమ్మండి, మా ఇంట్లో గట్టి మనిషి నేను కాదు.

ఉమ్మడి క్షేత్రం విడిపోయి ఎవరి గొర్రెలు వాళ్ళు తోలుకుపోయిన రోజుల్లో గ్రంథాలయాన్ని కొట్టుగా మారుస్తామన్నారు. దాన్ని చూసుకునే కలీపాకు జీతం ఆగిపోయింది. ఆమె మా పెద్దకొడుకుని చంకనేసుకుని పోయి అందులోనే పొయ్యి రాజేసింది. కొనదలిచినవాడు చూడ్డానికి వచ్చినప్పుడల్లా లోపల పిల్లలు వెచ్చగా బొమ్మలు చూసుకుంటూ ఉండేవాళ్ళు. బయట మంచు. వాళ్ళను లేపి పంపే మొహం ఎవరికుంటుంది? చివరికి కొట్టు ఇంకోచోట పెట్టుకున్నారు. తర్వాత పైకప్పు కుంగితే తనే నిచ్చెనెక్కింది. నిచ్చెన పట్టుకున్నవాణ్ణి నేను.

మందతోపాటు బడికి పోయే వయసురాని పిల్లలూ కొండెక్కుతారు. మూడు నెలలు పాలు పితకడం, దూడలు కట్టడం, వెన్న తీయడం మధ్య వాళ్ళను పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఆ పిల్లల కోసమని ఆమె జీను సంచి రెండు వైపులా పుస్తకాలు కుక్కి గుడారం గుడారానికీ తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ప్రతి పుస్తకాన్నీ చెయ్యంత దూరాన పట్టుకుని చూసేది. అట్ట తడిగుడ్డతో తుడిస్తే నిలుస్తుందా, బొమ్మలో చూసినకొద్దీ ఇంకేమైనా దొరుకుతుందా అని. ఒకసారి, చిన్నవాడు వేరే గదిలో ఒంటరిగా పడుకునే కథ తీసుకెళ్ళింది. మా పిల్లలందరూ ఒకే మాట అడిగారట, వీడేం తప్పు చేశాడని ఇట్లా తరిమేశారు అని. మళ్ళీ ఆ పుస్తకం కొండెక్కలేదు.

ఎంచే పనిలో మాత్రం ఆమె ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. బడి పెద్దాయన అక్షరాల పుస్తకాలు తీసుకెళ్ళమని చెప్పి చూశాడు. “సెలవుల్లో కూడా మీ మొహమే చూడాలనిపిస్తే పిల్లలు బడికే వచ్చేవాళ్ళు గదా” అని పంపేసింది. జిల్లా నుంచి వచ్చినవాళ్ళకూ అదే మర్యాద. నాకైతే అంత కూడా లేదు.

ఒక ఏడాది వసంతంలో నగరం నుంచి కొత్త పుస్తకాలు వచ్చాయి. అందులో ఒకటి ముసలి తోడేలు కథ. పళ్ళన్నీ ఊడిపోయి, ఎవరైనా జావ కాచిపోస్తారేమోనని గుడారం గుడారం తిరుగుతుంది. బొమ్మలు ఎంత బాగున్నాయంటే, దాని మీసాల మీది మంచు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కలీపా దాన్ని సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకుంది.

కొండ మీద మేము ఆ జంతువు పేరు ఎత్తం. తోకోడు అంటాం, ఊళేసేవాడు అంటాం. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తాడు. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు. నేను గుర్తు చేస్తే, “పేరు పలికితే గదా వచ్చేది. బొమ్మకి నోరుందా?” అంది.

కొండ మీద అందరికంటే పెద్దది మా వదిన ఉమ్సునాయ్, పోయిన మా అన్న భార్య. ఆమె గుడారంలో ఏది జరిగితే మిగతా గుడారాల్లోనూ అదే. ఆమె మనవరాలు ఐజిరెక్‌కు నాలుగేళ్ళు. సంచి విప్పీ విప్పగానే ఆ పిల్ల తోకోడి పుస్తకాన్ని లాక్కుంది. తిండి దగ్గరా అదే, పడకలోనూ అదే. మా వదిన అట్ట వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుందట, పిల్ల ఏడుస్తుందని ఊరుకుంది.

వారం తిరక్కుండా నిజం తోకోడు మా వదిన మంద మీద పడ్డాడు. పాలిచ్చే గొర్రెలు పోయాయి, ముద్దుగా పెంచుకున్న పొట్టేలు పోయింది. కుక్కలన్నీ ఆ పూట పక్క గుట్ట మీద పెళ్ళివిందు ఎముకల కోసం పోయాయని అందరికీ తెలుసు. అయినా తెల్లారేసరికి మాట కుక్కల మీదికి పోలేదు, పుస్తకం మీదికి వచ్చింది.

మా వదిన దాన్ని పాత గోనెలో చుట్టి, రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి, కలీపా కాళ్ళ దగ్గర పెట్టింది.

“గుడారం గుడారం తిరిగేవాడికి నా గుడారం దారి చూపించావు కదే చెల్లీ. నీకు నేనేం తక్కువ చేశాను?”

కలీపా వంగి మూట అందుకుంది. ఆ తర్వాత ఒక్కో గుడారం నుంచీ పుస్తకాలు వెనక్కి వచ్చాయి. బాతుల పుస్తకం, ఓడల పుస్తకం, అన్నీ. తల్లులు మొహం చూడకుండా ఇచ్చి పోతుంటే పిల్లలు దూరాన నిలబడి చూశారు. ఐజిరెక్ ఏడవలేదు గానీ, గుర్రం వంతెన దాటేదాకా వెనకే నడిచి వచ్చింది. నిండు సంచితో కలీపా కొండ దిగడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఇంటికి వచ్చాక నాకు ఒళ్ళు మండింది. కుక్కల సంగతి నలుగురిలో పెట్టి అడుగుతానన్నాను. నా మాటకు లోయలో విలువుంది, మా వదినైనా కాదనలేదు.

“ఆవిడ గొర్రెలు పోగొట్టుకున్న మనిషి. ఆవిడ మీద గెలిచి ఏం చేసుకుంటాం? గెలుస్తావు, సరే. పుస్తకాలు మాత్రం ఇక్కడే ఉంటాయి, పిల్లలు అక్కడే ఉంటారు” అంది కలీపా.

రెండు రోజులు గ్రంథాలయం తాళం తీయలేదు. మూడోనాడు పొద్దున్నే గుర్రానికి జీను వేయమంది. సంచి ఖాళీగా ఉంది. పైకి పోయి మా వదిన గుడారం ముందు దిగి, తలవంచి సలాం చేసి, లోపలికి వెళ్ళకుండానే చెప్పిందట: “అక్కా, కొండకి ఏ పుస్తకం రావాలో నువ్వే వచ్చి ఎంచు. నువ్వు వద్దన్నది ఒక్కటి కూడా ఎక్కదు.”

ఆ మాట ఆమె నోటినుంచి వచ్చిందని విని నేను కూర్చుండిపోయాను.  మా వదిన వెన్న తిత్తి చిలుకుతూనే ఉండి, చివరికి, “తేనీరు గట్టిగా కాస్తావా మరి?” అని మాత్రం అడిగిందట.

మా వదిన తెల్ల తలగుడ్డ కట్టుకుని, పెళ్ళిచూపులకు పోయే మనిషిలా దిగి వచ్చింది. నేను పొయ్యి చూసుకుంటూ ఓ మూల కూర్చున్నాను గనక అంతా విన్నాను. మా వదిన కత్తి లాంటిది. గుర్రం బొమ్మ చూసి, “దీని వెనక కాళ్ళు చూడు, ఇది నడిస్తే దీన్ని ఇదే తన్నుకుంటుంది” అని అవతల పెట్టింది. గుర్రం పాలు పితికే ఆడమనిషి పక్కన గుర్రప్పిల్ల లేదని ఇంకొకటి తీసేసింది. పిల్లను దగ్గర కట్టకుండా ఏ గుర్రం పాలిస్తుంది? పొయ్యి వైపు కాళ్ళు చాపుకున్న ముసలాయన ఉన్న పుస్తకానికి మర్యాద లేదంది. కలీపా ఎన్నాళ్ళుగానో తీసుకెళ్తున్న పుస్తకాలవి. ఒక్కొక్కటి పక్కకు పోతుంటే ఆమె వేళ్ళు తలగుడ్డ అంచును నలుపుతూ ఉన్నాయి. అయినా మాట తప్పలేదు.

సముద్రం పుస్తకం మాత్రం మా వదిన చాలాసేపు వదల్లేదు. అంత నీళ్ళ దగ్గర గడ్డి ఎట్లా ఉంటుందో అని అడిగింది. గడ్డి ఉండదక్కా అంటే, “పాపం” అని, జాలిపడి మరీ సంచిలో వేసింది.

చివరికి గోనెమూట మిగిలింది. కలీపా దాన్ని తనే తీసి, నగరానికి తిప్పి పంపేస్తానంది. మా వదిన ఆగమంది. కథ పిల్ల నోట కొంత విన్నా, ఇన్నాళ్ళూ దాన్ని తెరిచి చూడనే లేదట, అట్ట చూసే భయపడింది.

“ఇంతకీ వీడికి ఎవరైనా జావ పోశారా?”

“చూడక్కా.”

మా వదిన ఒక్కో పేజీ తిప్పింది. మొదటి గుడారంలో తలుపు వేసేశారు. రెండో గుడారంలో కుక్కల్ని వదిలారు. ఆఖరి గుడారంలో ఒక ముసలమ్మ, చూపు సరిగా ఆననిది, ఎవరో బాటసారి అనుకుని గిన్నె నిండా పోసింది. ఆ పేజీ దగ్గర మా వదిన చెయ్యి ఆగింది. బొమ్మలో ముసలమ్మ తలగుడ్డ సరిగ్గా కట్టారంది. 

“ఇది మంచుకాలం పుస్తకం చెల్లీ. మందలు కిందికి దిగి, దొడ్డి తలుపు పడ్డాక వాడి గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. చలి సెలవుల్లో ఇవ్వు పిల్లకి. ముందు నాకివ్వు, నేనే చూపిస్తాను.”

కలీపా దాన్ని పై అరలో పెట్టింది. ఇన్నేళ్ళు సెలవులంటే సెలవులే అనుకుంది ఆమె. ఏ సెలవులకు ఏ బొమ్మ అనేది ఆ రోజే విడదీసింది. అప్పటి నుంచి మా గ్రంథాలయంలో వేసవి పుస్తకాలకు ఒక అర, మంచుకాలం పుస్తకాలకు ఇంకొక అర. ఈ లోయలో ఇట్లాంటి ఏర్పాటు ఇంకెక్కడా లేదు.

మర్నాడు కొండెక్కేటప్పుడు ముందు గుర్రం మా వదినది, వెనక గుర్రం కలీపాది. ఏ గుడారంలో ఏ పుస్తకం దింపాలో గట్టిగా చెబుతూ పోయింది మా వదిన. ఒక్క తల్లి కూడా వద్దనలేదు. ఐజిరెక్ పరుగెత్తుకొచ్చి సంచిలో తలదూర్చి, తోకోడేడని అడిగింది. వాడు మంచు పడేదాకా కిందనే ఉంటాడని వాళ్ళ నాన్నమ్మే చెప్పింది. ఆ పిల్ల కాసేపు మూతి ముడిచి, సముద్రం పుస్తకం తీసుకుని పోయింది.

అది మొదలు ఏటా మందలు కదిలే ముందు తోడికోడళ్ళిద్దరూ గ్రంథాలయంలో తలుపు వేసుకుని పోట్లాడుకుంటున్నారు. ఈ ఏడాది మా వదినకు మోకాళ్ళు పట్టేశాయి, ఇల్లు కదలలేనని కబురు పెట్టింది. కలీపా విని, “హమ్మయ్య, ఈసారైనా నా ఇష్టం నాది” అంది. మరి కాసేపటికి, నా గుర్రబ్బండిలోని పచ్చగడ్డి తీసేసి, అరలోని బొమ్మల పుస్తకాలన్నీ ఎక్కించమంది. దుప్పట్లు కూడా.

నేను మా వదిన ఇంటి ముందు బండి విప్పి లోపలికి వెళ్ళేసరికి కిటికీలు మూసి ఉన్నాయి. మా వదిన పరుపు మీద ఆనుకుని, పుస్తకాన్ని చెయ్యంత దూరాన పట్టుకుని ఉంది.

“ఈ బాతుకి కాళ్ళేవే?”

“నీళ్ళల్లో ఉన్నాయక్కా.”

“పిల్లకి కనబడొద్దా మరి?”

“కనబడకపోతేనే వెతుకుద్ది.”

మా వదిన పుస్తకాన్ని నా వైపు తిప్పింది. “మరిదీ, నువ్వు చెప్పు.”

జిల్లా గోడకెక్కిన మనిషిని. ఆ ఇద్దరి మధ్య తీర్పు చెప్పేంత తెలివితక్కువవాణ్ణి మాత్రం కాదు. గుర్రానికి నీళ్ళు పెట్టాలని చెప్పి బయటికి వచ్చేశాను.