టేపక్కకు వచ్చిన కామెర్లు

ఆవిడకు అసలు పేరు ఉండే ఉంటుంది. ఆవిడ పనిచేసే దర్జీ షాపులో నేను బట్టలు కుట్టించుకున్న అన్నేళ్ళలో ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయేది కాబట్టి అందరికీ టేపక్క. ఒకసారి కూతుర్ని బడిలో దింపడానికి కూడా టేపుతోనే వెళ్ళిందట. ఇదేమిటని టీచరు అడిగితే, "మీరేమైనా ఒళ్ళు చేశారేమో చూద్దామని" అందట. అంత నవ్వించే మనిషి ఉన్నట్టుండి మూగదైపోయింది. ఎందుకో చాలాకాలం తర్వాత ఆవిడే నాకు చెప్పింది. నలుగురికీ చెప్పమని కూడా అంది, అందుకే చెబుతున్నాను.

షాపు పెద్దదేం కాదు. రోడ్డు వైపు అద్దం, దాని వెనక మాస్టారి కటింగు బల్ల, గోడ వెంబడి మిషన్లు, కిటికీ కింద ఒక బెంచీ. బెంచీ మీద కాజాలు కుట్టే పిన్ని కూర్చునేది, దాని పక్క మిషను టేపక్కది. పిన్ని ఎవరికీ పిన్ని కాదు, ఊరికే అలా పిలిచేవాళ్ళు. కాజాలు తీయడం, గుండీలు పెట్టడం తప్ప ఆవిడకు ఇంకో లోకం లేనట్టుండేది. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.

పనివాళ్ళందరికీ బూడిదరంగు కోట్లు. ఎవరిది వాళ్ళే కుట్టుకోవాలి. పక్క కుట్టు లోపల కాస్త గుడ్డ వదిలిపెట్టడం అక్కడి పద్ధతి. మనిషి లావైతే ఆ కుట్టు విప్పి, లోపలి గుడ్డ బయటికి తీసి, వదులు చేస్తారు. నెల తప్పిందని తెలిసిన సాయంత్రం టేపక్క షాపులో అందరూ వెళ్ళేదాకా ఆగి, తన కోటు విప్పి వదులు చేసుకుంది. పొట్ట కనపడటానికి ఇంకా నెలలు పట్టేది. అయినా ఆగలేకపోయింది.

ఆ సంబరం మర్నాటికే భయమైంది. మొదటి కాన్పు తర్వాత ఆవిడ పడ్డది గుర్తొచ్చింది. అప్పట్లో పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే గోడ వైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకోవాలనిపించేది కాదు. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్ళాలంటే వణుకు, పిట్టగోడ దగ్గర తనని తానే నమ్మలేక. ఇంట్లోవాళ్ళు దానికి పెట్టిన పేరు బద్ధకం. డాక్టరుకు చూపించాలని ఒక్కరికీ తోచలేదు. ఆ గోతిలోంచి ఒక్కతే పాకి బయటపడి, పిల్ల బడికి వెళ్ళే వయసుకు మళ్ళీ మనిషై పనిలో చేరింది. ఇంకోసారి పడితే లేవగలనన్న ధైర్యం ఆవిడకు లేదు.

మొగుడు బస్సు డ్రైవరు. చెడ్డవాడు కాదు. ఈ కడుపు ఉంచుకోలేనని ఆవిడ చెప్పింది విని, "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది గానీ, భారం మొత్తం ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడమే అది. ఆసుపత్రికి తోడు వెళ్ళాడు, బయట కూర్చున్నాడు, ఆటోలో తీసుకొచ్చాడు. మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయాడు.

అబార్షన్ చేసిన డాక్టరమ్మ బాగానే చూసింది. జ్వరం వస్తే రమ్మంది, రక్తం ఎక్కువ పోతే రమ్మంది. ఏడుపు ఆగకపోతే ఎక్కడికి రావాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

షాపుకు సెలవు పెట్టడానికి ఏదో ఒక జబ్బు కావాలి కదా. కామెర్లన్నాడు మొగుడు. నీరసానికీ సరిపోతుంది, పాలిపోయిన మొహానికీ సరిపోతుంది. టేపక్క సరేనంది. ఆ ఒక్క అబద్ధం ఆవిడ పీకకు ఎలా చుట్టుకుంటుందో ఇద్దరికీ తోచలేదు.

తిరిగి పనికి వచ్చిన రోజున షాపు షాపంతా ఆవిడ చుట్టూ చేరింది. మాస్టారు కళ్ళు పైకెత్తి చూపించమన్నారు. నూనె ముట్టొద్దన్నారొకరు, ఉప్పు తగ్గించమన్నారొకరు. మాస్టారి భార్య రోజూ చప్పిడి కూర పంపేది, దాన్ని అందరి ముందూ తినాల్సి వచ్చేది. నేనూ తక్కువేం తినలేదు, చెరుకు ముక్కలు పట్టుకెళ్ళాను. అందరూ ప్రేమగానే ఉన్నారు. ఆ ప్రేమంతా లేని కామెర్లకు పోతుంటే, ఉన్న బాధ ఆకలితో కూర్చుంది. "ఆ చప్పిడి కూర తింటుంటే నాకు ఎవరిదో అన్నం దొంగతనంగా తింటున్నట్టుండేది" అంది నాతో.

తప్పు చేశానని ఆవిడ ఒక్కనాడూ అనుకోలేదు. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తానంది. గుండెల మీద బరువు దిగిన మాట నిజం. కానీ చంటిపిల్లల గౌన్లు కుట్టేటప్పుడు కళ్ళు మసకబారేవి. ఊరటా ఏడుపూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఆవిడకే అర్థం కాలేదు, ఇంక ఇంకొకరికి ఏమని చెబుతుంది? మొగుడి దగ్గర ఒకసారి మొదలుపెట్టింది. "అయిపోయింది కదా, ఇంకెందుకు తవ్వుకోవడం" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ వారం నుంచి ఆవిడ మేడ మీదికి వెళ్ళడం మానేసింది. తడిబట్టలు గదిలోనే తాడు కట్టి ఆరేసింది. గొయ్యి మళ్ళీ దగ్గరికొస్తోందని తెలుస్తూనే ఉంది. ఒక్కరితోనైనా నిజం అనాలి, అనకపోతే పడిపోతాను అనుకునేది. ఎవరితో అన్నది తేలేది కాదు.

ఈలోగా ఇంకో పని చేసింది. వదులు చేసిన కోటు ఒంటి మీద అటూ ఇటూ ఊగుతుంటే భరించలేక మళ్ళీ విప్పి మునుపటి కొలతకే కుట్టేసింది. అలాగే వదిలేసి ఉంటే ఏ కళ్ళూ పట్టుకునేవి కావు. వదులు బట్టను చూస్తూ ఊరుకోలేని దర్జీ బుద్ధి అది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల ముందు నిండు గర్భిణి ఒకామె వచ్చింది. నడుం దగ్గర పట్టేస్తోంది, కుట్లు వదలాలంది. మాస్టారు అలవాటుగా టేపక్కను పిలిచారు. టేపక్క లేచి టేపు తీసి ఆమె చుట్టూ వేసింది. రెండు కొసలూ కలిశాయి, అంకె చెప్పాలి. చెప్పలేకపోయింది. చేతులు అక్కడే ఉండిపోయాయి. పాపం ఆమె నవ్వుతూ, "ఏంటండీ, టేపు చాలట్లేదా?" అంది.

"దానికింకా నీరసం తగ్గలేదమ్మా" అన్నారు మాస్టారు. "కామెర్లు మాటలా."

బెంచీ మీంచి కాజాల పిన్ని లేచింది. టేపక్క చేతుల్లోంచి టేపు తీసుకుని, తనే కొలిచి, అంకె చెప్పింది. తర్వాత టేపును టేపక్క మెడలో వేయకుండా తన మెడలోనే వేసుకుంది. "రా, అన్నం తిందాం" అని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

టేపక్క చప్పిడి కూర డబ్బా మూత తీయబోయింది. పిన్ని ఆ డబ్బాను పక్కకు జరిపి, తన డబ్బా ముందుకు తోసింది. నూనెలో ఎర్రగా వేయించిన కూర, కారం ఘాటు ముక్కుకు తగులుతోంది.

"నేను తినకూడదు పిన్నీ" అంది టేపక్క.

"ఎందుక్కూడదు?"

"కామెర్లు కదా."

పిన్ని ఆవిడ కోటు అంచు పట్టుకుని మెల్లగా తిరగేసింది. లోపలి గుడ్డ మీద, ఇప్పటి కుట్టుకు అవతల, ఖాళీ సూది రంధ్రాల వరస ఒకటి పైనుంచి కిందదాకా ఉంది. మొన్న ఊడిపోయిన గుండీ పెట్టడానికి కోటు చేతికి వచ్చినప్పుడే చూశానంది పిన్ని.

"ఒకసారి వదిలావు, మళ్ళీ బిగించావు. మధ్యలో నువ్వు లావూ అవలేదు, చిక్కనూ లేదు. సెలవు పెట్టావు. నేను చదువుకోలేదు గానీ కుట్టు చూస్తే తెలుస్తుంది కదే."

టేపక్క కోటు అంచు దగ్గరికి లాక్కుంది. పిన్నే మళ్ళీ అంది. "అడుగుదామా వద్దా అని ఇన్నాళ్ళూ పక్కనే కూర్చున్నా. నువ్వు దాచుకున్నది నేను లాగితే బాగుండదనుకున్నా. ఇందాక నీ చేతులు చూశాక కూర్చోలేకపోయా. తిను ముందు."

కటింగు బల్ల దగ్గర్నుంచి మాస్టారు చూడనే చూశారు. "పిన్నీ, కామెర్ల మనిషికి వేపుడు పెడతావా? చంపుతావా ఏంటి?"

"తగ్గిపోయాయంట మాస్టారూ, మీరు కానివ్వండి" అంది పిన్ని.

టేపక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. కారానికి కళ్ళలో నీళ్ళొచ్చాయని చూసినవాళ్ళు అనుకునేటట్టు ఏడ్చింది. నాలుగు ముద్దలు తిన్నాక, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఆ మాట బయటికి అంది. "కడుపు తీయించుకున్నా పిన్నీ."

"తెలుసు. చెప్పు."

"ఎక్కణ్ణుంచి చెప్పాలో తెలియట్లేదు."

"కోటు వదులు చేసుకున్న రోజునుంచి చెప్పు."

టేపక్క కోటు పక్క కుట్టును వేలితో తడిమింది. ఆ రోజు సంగతి మొగుడికి చెప్పలేదు, డాక్టరమ్మకు చెప్పలేదు. అసలు ఎవరూ అడగనేలేదు.

"ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నా పిన్నీ" అంది.

పిన్ని డబ్బా మూత పెట్టేసి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.