గనీ భాయ్ కొలిచిన మెడలు

భూపాలపల్లి బొగ్గుబాయి కాలనీలో ఉండే అబ్దుల్ గనీకి మనుషుల ముఖాలతో పనిలేదు, మెడలు చాలు. మెడ కనిపిస్తే పేరు, క్వార్టరు నంబరు, షిఫ్టు, చొక్కా ఏ దర్జీ కుట్టాడో కూడా చెప్పేస్తాడు. మెడకు మఫ్లరు చుట్టుకొని ఎదురొస్తే మాత్రం సొంత బావమరిదిని కూడా "ఎవరు కావాలె సాబ్?" అని మర్యాదగా అడుగుతాడు.

చూపులో లోపమేమీ లేదు. ఇది సరదా ముదిరి పట్టుకున్న జబ్బు. పగలంతా బాయిలో తట్టా, బొగ్గెత్తే చెమ్మసు పారా పట్టిన చేతులతోనే ఇంటికొచ్చి, మూడుసార్లు సబ్బుతో కడిగి, నాలుగోసారి శనగపిండితో రుద్ది, అరుగు మీద తెల్లగుడ్డ పరిచి కూర్చునేవాడు. ముత్యాలు, పగడాలు, గాజుపూసలు రంగుల వారీగా పేర్చి, ఏది దేని పక్కన ఉంటే నవ్వుతుందో చూసి, పట్టుదారానికి గుచ్చేవాడు. అమ్మడానికి కాదు, ఊరికే. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి తప్పనిసరి. "దారం తెగితే ఒక్కటే రాలాలె, తతిమ్మయి ఒకదాన్నొకటి పట్టుకొని ఉండాలె" అనేవాడు.

ఈ సంగతులన్నీ ఊరికి తెలిసింది పక్క క్వార్టరు రాజమౌళి వల్ల. రాజమౌళి పదో తరగతి పరీక్ష మూడుసార్లు రాసి, లోపం పరీక్షలోనే ఉందని తేల్చి బాయిలో చేరినవాడు. ఆయన చెప్పే ముచ్చట్లు చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టం కన్నా ఒక మూరెడు ఎత్తుంటాయి. కాబట్టి కింద రాసినవాటిలో సగం తీసేసుకోండి. మిగిలిన సగాన్ని మాత్రం నమ్మి తీరాలి.

కొత్త మేనేజరు వచ్చిన రోజు ముచ్చట ఒకటి. ఆయన పొద్దున్నుంచి అందరి మీదా అరుస్తున్నాడు. ల్యాంపు రూము దగ్గర వరుసలో నిలబడ్డ గనీ ఆయన మెడ వంకే చూసి ముందుకొచ్చాడు.

"సార్, జర ఒక్క మాట. మీ మెడ పదిహేడు. తొడిగిన కాలరు పదహారు."

"అయితే?"

"కోపం మీది కాదు సార్. కాలర్‌ది."

మర్నాడు మేనేజరు కొత్త చొక్కాలో, నవ్వు ముఖంతో వచ్చాడు. ఆ ఏడాది బాయిలో ఒక్కడికీ ఛార్జిషీటు రాలేదని రాజమౌళి ప్రమాణం చేసి చెబుతాడు.

పెళ్లయిన కొత్తలో పరకాల బస్టాండు ముచ్చట ఇంకొకటి. చుట్టాల పెళ్లికి పోతూ గనీ, భార్య లతీఫా బేగం బస్సు మారడానికి దిగారు. గనీ సోడా తాగి వచ్చేసరికి బెంచీ మీద బురఖాల్లో తొమ్మిది మంది. ఒక్క మెడా కనిపించదు. చెమటలు పట్టిన గనీ నడిమిట్ల నిలబడి, "లతీఫా, నువ్వు ఎవరైతే వాళ్లు ఒక్కసారి దగ్గు!" అని కేకేశాడు. తొమ్మిది మందీ దగ్గారు.

చివరికి ఒక గొడుగు వచ్చి ఆయన డొక్కలో పొడిచింది. "ముత్యాలకైతే పేర్లు పెట్టి పిలుస్తవ్, పెండ్లాన్ని గుర్తుపట్టవ్" అంది లతీఫా.

ఆ తప్పుకు పరిహారంగానే సత్‌లడా చేసిస్తానని మాటిచ్చాడు. ఏడు వరుసల ముత్యాల హారం. ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తూనే ఉన్నాడు. హైదరాబాదు పోయినప్పుడల్లా పత్తర్‌గట్టిలో నాలుగు ముత్యాలు ఏరుకొచ్చేవాడు. ఆరు వరుసలయ్యాయి. ఏడోది కుదరదు. ప్రతి రంజాన్‌కూ లతీఫా అడిగేది, ప్రతి రంజాన్‌కూ ఆయన "సైజు కుదుర్తలేదు, జర ఆగు" అనేవాడు. వంకాయరంగు డబ్బాలో ఆరు వరుసలూ చెమ్కీ గుడ్డ కప్పుకొని ఆగుతూనే ఉన్నాయి.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బాయి బంద్, బస్సు బంద్, బడి బంద్. కాలనీ మొత్తం రోడ్డు మీది శిబిరానికి మారింది. ఒక పూట రాస్తారోకోలో ఎవరో టైరు కాల్చారు. ఎస్సై వచ్చి, దగ్గరలో ఉన్నది గనీయే కాబట్టి ఆయన్నే అడిగాడు.

"కాల్చింది ఎవరో చూసినవా?"

"చూసిన సార్. పదిహేనుంపావు. కొంచెం ఎడమకు వంపు."

"ఏంది పదిహేనుంపావు? మనిషా, చెప్పు సైజా?"

"మెడ సార్."

ఎస్సై పాపం రెండు వందల మందిని వరుసలో నిలబెట్టి మెడలు చూస్తూ పోయాడు. సగం దూరం పోయాక గనీ వెనకనుంచి నెమ్మదిగా, "సార్, మీది కూడ పదిహేనుంపావే. ఎడమకే వంపు" అన్నాడు. శిబిరం ఘొల్లుమంది. ఎస్సై కూడా నవ్వాపుకోలేక జీపెక్కి పోయాడు.

టైరు కాల్చింది రాజమౌళి. ఆయన మెడ పద్నాలుగున్నర, నిటారుగా ఉంటుంది. గనీ ఆ సంగతి తెలిసే తప్పు కొలత చెప్పాడా అని రాజమౌళికి అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

ఎందుకంటే ఆయన వేరే పరేషాన్‌లో ఉన్నాడు. మూడో వారం శిబిరంలో వంటా వార్పు పెట్టాలనుకున్నప్పుడు, మైకు చేతికి దొరికిన ఉత్సాహంలో "బియ్యం మొత్తం నాది! రాజమౌళి ఇంట్ల సమ్మె సెగ తగలది!" అని ప్రకటించేశాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇంటికొచ్చి చూస్తే గోళెంలో నాలుగు సోలల బియ్యం. భార్య పుష్ప ఆయన వంక చూసింది. తల్లి పెట్టిన గుండ్ల పేరు మెడలోంచి తీసి చేతిలో పెట్టింది. బంగారు గుండ్లు, మధ్యమధ్య నల్లపూసలు. అది అరువు తెచ్చిన బండి మీద పరకాల షావుకారు ఇనప్పెట్టెలోకి కుదువకు పోయింది. రోడ్డు మీద బువ్వ ఉడికింది.

ఆ మర్నాటి నుంచి పుష్ప కొంగు మెడ చుట్టూ బిగించి కప్పుకొని తిరుగుతోంది. గనీ గేటు దగ్గరే రాజమౌళిని ఆపాడు.

"మౌళన్నా, చెల్లె మెడ కనపడ్తలేదేంది?"

"గొంతునొప్పి భాయ్" అన్నాడు రాజమౌళి, తడుముకోకుండా. అబద్ధాల్లో ఆయనకున్న అనుభవం అలాంటిది.

గంటలో లతీఫా గ్లాసుడు జోషాందా కషాయం పట్టుకొచ్చింది. పుష్ప ముక్కు మూసుకొని తాగింది. సాయంత్రం ఇంకో గ్లాసు. మర్నాడు రెండు.

"ఇంకో నాలుగు రోజులైతె నా నాలుకకు ఉప్పూ కారం తెల్వవు" అంది పుష్ప మొగుడితో. "నిజం చెప్పుకోరాదు?"

"చెప్తే నా ఇజ్జత్ ఏం కావాలె? తాగు, ఆరోగ్యానికి మంచిదే."

"అయితె నువ్వు తాగు."

బతుకమ్మ దగ్గరపడింది. ఈసారి కాలనీ ఆడవాళ్లంతా శిబిరం ముందు రోడ్డు మీదే ఆడాలని అనుకున్నారు. చివరి రోజైన సద్దుల నాడు కొత్తచీర కట్టి, ఉన్న నగలన్నీ పెట్టుకొని రావడం రివాజు. పుష్ప తేల్చి చెప్పేసింది.

"నేను పోను. అందరి ముంగట బోసి మెడతోని ఎట్ల ఆడాలె? 'రాజమౌళి ఇంట్ల సెగ తగలది' అని మైకుల ఒర్రినవ్ గదా, ఇప్పుడు గా మైకులనే చెప్పు, పుష్పకు గొంతునొప్పని."

పెళ్లయినప్పటి నుంచి పుష్ప ఒక్క సద్దుల బతుకమ్మ కూడా తప్పలేదు. ఆ రోజు నుంచి రాజమౌళి శిబిరంలో మైకు ఉన్న వైపు పోవడం మానేశాడు.

సరిగ్గా అప్పుడే గనీ పిచ్చి తారస్థాయికి చేరింది. లతీఫా చేతికి దారపుండ ఇచ్చి ఇల్లిల్లూ తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన వాకిట్లోనే నిలబడి "పదమూడున్నర" అనేవాడు. లోపల లతీఫా దారంతో కొలిస్తే పదమూడున్నరే. నలభై ఇళ్లు తిరిగాడు. ఆ తర్వాత ఇంటి తలుపు వేసుకున్నాడు. రాజమౌళి గోడ మీదుగా తొంగిచూశాడు. చెవి పెట్టి విన్నాడు. ఉప్పు అప్పడిగే నెపంతో లోపలికి పోబోయాడు. గుమ్మంలోనే లతీఫా ఉప్పు ఇచ్చి పంపేసింది. లోపల గనీ గొణుగుడు మాత్రం వినిపించింది: "నువ్వు రా, నువ్వు ఆగు, నువ్వు గామె మెడకు పో."

సద్దులకు ముందురోజు ప్రతి ఇంటికీ ఒక ముత్యాల పేరు వచ్చింది. నడుమ తొమ్మిది ముత్యాలు, రెండు పక్కలా పగడాలు, గాజుపూసలు. ఒకదాని డిజైను ఇంకోదానికి లేదు.

"బహుమానం కాదు" అని గనీ అందరికీ ఒకటే పాఠం అప్పజెప్పాడు. "ట్రయలు. కొత్త ముడి కనిపెట్టిన. బతుకమ్మ ఆడితె మెడ మంచిగ ఊగుతది గదా, ముడి ఆగుతదా లేదా చూడాలె. కని ఒక్క షరతు. వేరే బంగారం పెట్టుకోవద్దు. ముత్యానికి బంగారం పడదు. రాసుకుంటె నిగ్గు పోతది, నా ముప్పై ఏండ్ల కష్టం మన్నుపాలైతది."

కాంట్రాక్టరు వెంకట్రాం భార్య మనోరమకు కోపమొచ్చింది. ఆమెకు మెడ నుంచి నడుము దాకా నగలే.

"గిదేం షరతు గనీ? సద్దుల నాడు నా కాసులపేరు బీరువల పెట్టుకోవాల్నా?"

"మీ ఇష్టం అమ్మా. అయితె పేరు వాపస్ ఇయ్యుండ్రి. కాలనీల అన్నిటికన్న సక్కటి మెడ మీది. పదమూడుంపావు. మంచి ముత్యాలు ఏరి పెట్టిన. ఏం చేస్తం."

మనోరమ కాసులపేరు బీరువాలోకి పోయింది. ఆమే పెట్టుకోనప్పుడు ఇంకెవరు పెట్టుకుంటారు?

సద్దుల నాటి సాయంత్రం రోడ్డంతా తంగేడు, గునుగు, చామంతి. నలభై మెడల్లో ముత్యాలు. ఎవరి బంగారం బీరువాలో ఉందో, ఎవరిది పరకాలలో ఉందో ఏ దేవుడూ చెప్పలేడు. పుష్ప కొంగు తీసి నడుముకు దోపింది. చప్పట్లు కొట్టి, వంగి, తిరిగి, అందరికన్నా గట్టిగా పాడింది. గొంతునొప్పి ఉన్న మనిషి అలా పాడకూడదు. శిబిరంలో కూర్చున్న గనీ మాత్రం వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటూ, "ఒక్క ముడి సుత తెగలే" అని మురిసిపోయాడు.

తర్వాత పేర్లు వాపస్ ఇవ్వబోయిన వాళ్లందరికీ ఒకటే జవాబు. "ముడి ఇంకా కూసోలేదు. ఇంకొన్ని రోజులు మెడలనే ఉండనీయుండ్రి."

సమ్మె ఆగి, బాయి కూత మళ్లీ మోగాక, రాజమౌళి ఒకరోజు గనీ ఇంటికి పోయాడు. గనీ నమాజుకు వెళ్లాడు. లతీఫా చాయ్ ఇస్తూ వంగితే మెడలో లచ్ఛా కనిపించింది. పెళ్లినాటిది. నల్లపూసలు, ముత్యాలు, నడుమ బంగారం.

"భాభీ, ముత్యానికి బంగారం పడదంటడు గదా భాయ్? మరి నీ మెడల రెండూ కలిసే ఉన్నయ్?"

లతీఫా నాలుక కరుచుకుంది. "ఇరవై ఎనిమిదేండ్లకెల్లి కలిసే ఉన్నయ్ భయ్యా. ఏ ముత్యం నిగ్గూ పోలే."

రాజమౌళి చాయ్ కింద పెట్టాడు. అల్మారాలో వంకాయరంగు డబ్బా మూత తీసి ఉంది. లోపల చెమ్కీ గుడ్డ ఒక్కటే.

"సత్‌లడా ఏది?"

"మీ ఆడోళ్ల మెడలల్ల తిరుగుతున్నది" అంది లతీఫా. "బస్సులు బంద్, పత్తర్‌గట్టి ఎట్ల పోవాలె? ఆరు వరుసలూ ఇప్పిండు. నన్ను అడిగే ఇప్పిండులే. నేను సరేనన్న. ఏడోది ఎట్లాగు అయ్యేది కాదు!" అని పకపకా నవ్వింది.

"మరి జోషాందా?"

"గొంతునొప్పి అని నువ్వే అంటివి గదా. నువ్వు అన్న మాట నిలబెట్టాలంటడు మీ భాయ్."

గనీ తిరిగొచ్చేసరికి రాజమౌళి గేటు దగ్గరే పట్టుకున్నాడు. "భాయ్, నీకు ముందే తెలుసు గదా?"

"ఏంది తెలిసేది?"

"గుండ్ల పేరు సంగతి."

"ఏ గుండ్ల పేరు? నాకు ముత్యాలు తెలుసు, పూసలు తెలుసు. జర జరుగు, చాయ్ చల్లారుతది."

ఎంత గుచ్చినా ఆ నోట్లోంచి ఇంకో మాట రాలలేదు. ముళ్లు వేయడంలో ఆయన నేర్పు అలాంటిది.

పండుగలు దాటి జీతాలు కుదురుకున్నాక రాజమౌళి ఒక పొద్దున పరకాల పోయి గుండ్ల పేరు ఇంటికి తెచ్చాడు. పుష్ప దాన్ని మెడలో వేసుకుంది. ముత్యాల పేరు మాత్రం తీయలేదు. రెండూ కలిపి వేసుకొని గేటు దగ్గర నిలబడింది. మొదటి షిఫ్టు దిగి, ఒళ్లంతా బొగ్గుతో గనీ వస్తున్నాడు. ఆమె మెడ చూసి ఆగాడు. నల్లటి ముఖంలో తెల్లగా పళ్లు మెరిశాయి.

"చెల్లె, గొంతునొప్పి తగ్గినట్టుంది."

"తగ్గింది అన్నా. నీ జోషాందా మంచిగ పని చేసింది." పుష్ప రెండు పేర్లూ వేళ్లతో సవరించుకుంది. "మరి ముత్యానికి బంగారం పడదంటివి?"

గనీ తల అటు ఇటు వంచి పరీక్షగా చూశాడు. "గియ్యి మంచి ముత్యాలు. అలవాటు చేసుకున్నయ్."

పక్కనే ఉన్న రాజమౌళి కళ్లలో ఏదో నలక పడింది. తువ్వాల మెడచుట్టూ లాక్కొని దాని కొసతో ముఖం తుడుచుకుంటున్నాడు. గనీ ఆయన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, పుష్ప వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"చెల్లె, గీ సాబ్ ఎవరు? ఎవరు కావాల్నట?"