అరుగు అంగడికి సొంత చిరునామా

ఆ రోజుల్లో నాకు బేరం తప్ప వేరే విద్య రాదు. అదొక్కటి ఉంటే లోకంలో దేన్నైనా దించవచ్చనుకునేదాన్ని. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ల మధ్య పుట్టిన పిల్లకు ప్రపంచం ఒక పెద్ద అంగడిలాగే కనిపిస్తుంది కదా. చెప్పిన ధర విని నవ్వాలి, చీరను పక్కకు నెట్టాలి, చెప్పుల్లో కాళ్లు పెట్టి మెట్లు దిగాలి. వీధి మలుపు తిరిగేలోగా వెనకనుంచి "రామ్మా, రా, మాట్లాడుకుందాం" అని పిలుపు వస్తుంది. రాకపోతే ఆ అంగడాయనకు వ్యాపారం తెలియదని అర్థం. ఈ సూత్రం మీద నాకెంత నమ్మకమంటే, పిలవడానికి మనిషే లేని చోట కూడా దాన్ని వాడిచూశాను.

తాత పేరుతో నడిచే పెద్ద అంగడి మా పెదనాయనది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు నాయన వంతుకు దాని ముందరి అరుగు వచ్చింది. మేం దాని మీద రేకులు దించి, అవ్వ పేరుతో బోర్డు పెట్టుకున్నాం. (పెదనాయన మాత్రం వచ్చినవాళ్లకు మమ్మల్ని "అరుగు అంగడోళ్లు" అనే చూపించేవాడు. చూపించేటప్పుడు వేలు కూడా పూర్తిగా చాచేవాడు కాదు.) జనం ఫోన్లో చీరలు చూసి కొనే కాలం వచ్చేసరికి ఆయన వెబ్‌సైట్ పెట్టించి, నాయనను పిలిచాడు. "మీరు వేరే పెట్టుకునేదేంటికి? మాదాంట్లోనే చోటిస్తా. దుడ్లు వద్దు. పేరు గూడా ముందర మీదే ఉంటాది" అన్నాడు. అన్నట్టుగానే మా చిరునామాలో మొదట మా అవ్వ పేరు, ఒక చుక్క, ఆయన అంగడి పేరు, ఇంకో చుక్క, చివర ఇన్. మా బజారులో బోర్డు మీద ఎవరి పేరు ముందుంటే వాళ్లే పెద్ద భాగస్తులు. ఊరికే వచ్చింది, పైగా మా పేరే ముందు. పెదనాయనను బేరంలో ఓడించానని పొంగిపోయి, ఆ చిరునామాను చీర సంచుల మీద అచ్చు వేయించాను.

ఆ సంచిని తిప్పి తిప్పి చూసినవాడు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసే మా అమ్మ తమ్ముడు. "ఏం పాపా, ఇది నీ బేరమేనా?" అన్నాడు.

"అవును మామా. పేరు ముందర మాదే."

"రైలు చివర గార్డు పెట్టె చూసినావా? వెనకనుంచి చూసినోడికి అదే ముందర ఉంటాది. ఇంజను యాడుండాదో చూడల్ల." తర్వాత కుడి చివరనుంచి వేలు పెట్టి వివరించాడు. చివర ఉన్న ఇన్ అనేది దేశమంతటికీ ఒకటే. దానికి తగిలించుకున్న పేరు పెదనాయన సొంతంగా కొన్నది. మాది ఆయనకు తగిలించిన పెట్టె. "చుక్కంటే కొక్కెం పాపా. నీ ముందర ఇంకో చుక్క పెట్టు, ఇంకో పెట్టె తగిలించు, ఎన్నైనా తగిలించు. కుడిపక్కనోడు కొక్కెం తీసినాడంటే అన్నీ ఆడనే నిలబడతాయి."

నేను నవ్వాను. (ధర వినగానే నవ్వడం నాకు అలవాటని చెప్పాను కదా.)

శ్రావణమాసం ముందర నాయన ఒక కొత్త అంచు నేయించాడు. అది తనకొక్కడికే ఇమ్మన్నాడు పెదనాయన. నాయన ఇవ్వనన్నాడు. మరునాడు పొద్దున్నే బెంగళూరు ఖాతాదారు ఫోన్ చేసి, మా చిరునామా కొడితే పెదనాయన చీరలు వస్తున్నాయని చెప్పింది. నేను పెద్ద అంగడి మెట్లెక్కాను.

"మా పేరు కొడితే మీ చీరలొస్తాండాయి పెదనాయనా."

ఆయన మడుస్తున్న చీర మీదనుంచి తల ఎత్తలేదు. "ఇంట్లో రూమిచ్చినా. రూములో ఏముండల్లో ఇల్లుగలోడు చెప్తాడమ్మా."

"అట్లయితే మేం వేరే ఇల్లు కట్టుకుంటాం."

"కట్టుకో. ఆడ గూడా బేరమాడు."

మనిషి నన్ను ఎంత బాగా చదివాడో అప్పుడు అర్థం కాలేదు. పేర్లు అమ్మే సైటులో అవ్వ పేరు ఖాళీగా ఉంది. వాళ్లు చూపించిన ధర మొదటి ధర అని ఎవరికి తెలియదు? సహాయానికని ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, "చివరి ధర చెప్పమ్మా, మేం ఎప్పుడూ మీ దగ్గరే తీసుకుంటాం" అన్నాను. (అంతకుముందు ఒక్క పేరూ కొన్న పాపాన పోలేదు.) ఆ పిల్ల ఓపిగ్గా అదే ధర మళ్లీ చెప్పింది. పేరును బుట్టలో పెట్టి, సైటు మూసేశాను. అంటే మెట్లు దిగానన్నమాట. మరునాడు మెయిల్ వచ్చింది, మీ పేరు మీకోసం ఎదురుచూస్తోందని.

"చూడు నాయనా, పిలుస్తాండారు."

"పిలిచినారు గదా, పోయి తీసుకో."

"ఒక్క పిలుపుకే తిరిగితే ఏం మర్యాద ఉంటాది? ఇంకోసారి పిలవనీ."

రెండో పిలుపు వచ్చేసరికి పేరు లేదు. బుట్టలో పెట్టినంత మాత్రాన అది మనదైపోదట, ముందు కట్టినవాళ్లదట. కట్టినవాడు పెదనాయన కొడుకు. మళ్లీ మెట్లెక్కాను. "మా అవ్వ పేరు మీరెట్లా తీసుకుంటారు?" అన్నాను. ఈసారి పెదనాయన చీర కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"మీ అవ్వ నాకు అమ్మ" అన్నాడు.

మెట్లు దిగాను. వెనకనుంచి ఎవరూ పిలవలేదు. అరుగు మీద నాయన బీరువాకు ఆనుకొని కూర్చున్నాడు. "పోనీలే పాపా. ఆ అంచేదో ఇచ్చేసి, ఆయన దాంట్లోనే ఉందాం" అన్నాడు. ఎవరి ముందూ ధర తగ్గించని మనిషి గొంతు అంత తగ్గడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. అది విన్నాకే నాకు తిక్క పుట్టింది.

"ఇచ్చేది లేదు నాయనా" అని ఫోన్ తీసి, ఆ పేర్లమ్మే సైటులోనే పెదనాయన మమ్మల్ని పిలిచే పిలుపును కొట్టాను: అరుగు అంగడి. ఖాళీగా ఉంది. ఎవరికి కావాలి అలాంటి పేరు? నవ్వలేదు, నెట్టలేదు, దిగలేదు. చెప్పిన ధర చెప్పినట్టు కట్టాను. పుట్టి బుద్ధెరిగాక బేరమాడకుండా నేను కొన్న మొదటి వస్తువు అదే. వారం తిరక్కుండానే పెదనాయన గద్దె మీదనుంచి కనిపించేట్టు ఆ పేరుతో బోర్డు కట్టించాను.

"నేను పెట్టిన పేరే గదా" అన్నాడాయన.

"పేరు మీరు పెట్టిందే పెదనాయనా. కొక్కెం మాది."

ఇప్పుడు మా పేరు ముందర చుక్క పెట్టి, కొన్ని నేత కుటుంబాలకు చోటిచ్చాం. ఇచ్చే ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఇంజను ఎటువైపు ఉంటుందో చెబుతాను. విని, సొంత పేరు కొనుక్కుని పోయినవాళ్లూ ఉన్నారు. పోనీ, నాకు చెప్పే పోయారు. పేరు గడువు దగ్గరపడుతోంది, నిలుపుకోవాలంటే మళ్లీ కట్టమని ప్రతి ఏడూ మెయిల్ వస్తుంది. వచ్చినరోజే కట్టేస్తాను, పైసా తగ్గించమని అడగను. కాకపోతే కట్టే ముందు ఒకసారి సైటు మూసేసి, కాఫీ తాగుతూ కాసేపు కూర్చుంటాను, ఎవరైనా వెనకనుంచి పిలుస్తారేమోనని.